శంబూకుడు లేని బొమ్మల పుస్తకం

సినిమా మా పల్లెలకి రెండుసార్లు వచ్చేది. మొదటిసారి తెర మీద, రెండోసారి కాగితం మీద. తెర మీది సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. కాగితం మీది సినిమా యేళ్ళ తరబడి యింట్లో వుంటుంది. చూరు సందులో, ట్రంకు పెట్టె అడుగున, బైబిలు పక్కన. పిల్లలు దాని మీదే అక్షరాలు కూడబలుక్కుంటారు. మన విమర్శకులు సినిమాల గురించి చాలా రాశారు. సినిమాల నుంచి పుట్టి పిల్లల చేతుల్లోకి వచ్చిన యీ సన్న పుస్తకాల గురించి రాసింది తక్కువ. పావలా పాటల పుస్తకాన్నీ, బస్టాండులో దారానికి వేలాడదీసి అమ్మే బొమ్మల రామాయణాన్నీ సాహిత్యం అనుకోవడానికి వాళ్ళకి మనసొప్పలేదు. మాకు మాత్రం బడి పుస్తకం తర్వాత అదే సాహిత్యం. కొన్ని యిళ్ళల్లో బడి పుస్తకం కంటే ముందే వచ్చిన సాహిత్యం.

వీటిల్లో రకాలున్నాయి. పాటల పుస్తకంలో అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల పాటలు, మొదట్లో కాస్త కథ. ఆ కథ సరిగ్గా ముడి పడే చోట ఆగిపోతుంది. మిగతాది వెండితెర మీద చూసుకోమంటుంది. టిక్కెట్టుకి డబ్బుల్లేని పిల్లలు ఆ మిగతాది తామే కల్పించుకుని చెప్పుకునేవాళ్ళు. రెండోది వెండితెర నవల. 1966లో నాగిరెడ్డి మొదలుపెట్టిన 'విజయచిత్ర' లాంటి పత్రికల్లో యిది బాగా నడిచింది. ముళ్ళపూడి వెంకటరమణ లాంటి చెయ్యి తిరిగిన రచయితలు దీన్ని రాశారు. మూడోది టీవీ సీరియల్ మొహాలతో వచ్చిన బొమ్మల పుస్తకం. వీటన్నిటికీ పెద్దన్నలాగా చందమామ వుంది. అది సినిమాకి పుట్టింది కాదు. సినిమాతో కలిసి వొకే యింట్లో పెరిగింది.

ఆ యిల్లు మద్రాసులో వున్నా దాని వేరు తెనాలిలో వుంది. చందమామని 1947 జులైలో మొదలుపెట్టిన ఇద్దరిలో చక్రపాణి తెనాలి ఐతానగరం మనిషి. 1950లో 'షావుకారు'తో మొదలైన విజయా సినిమాలకీ ఆ ఇద్దరే, నాగిరెడ్డీ చక్రపాణే. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. పగలు స్టూడియోలో మాంత్రికుడి గుహ కట్టిన కంపెనీయే ప్రతినెలా పిల్లల పుస్తకంలో మాంత్రికుడి గుహ బొమ్మ అచ్చేసేది. రాజు కిరీటం, రాజకుమారి జడ, రాక్షసుడి కోరలు యెట్లా వుంటాయో తెలుగు పిల్లలకి యీ రెండూ కలిసి నేర్పాయి. వాటిల్లో యెవరు వుండరో కూడా అవే నేర్పాయి.

చందమామ వల్ల నాకు మేలు జరగలేదని అనను. కుటుంబరావు వాడిన తేటమాట వల్ల బడిలో గ్రాంథికానికి బెదిరిపోయిన నాలాంటివాళ్ళకి తెలుగు చదవొచ్చనే ధైర్యం వచ్చింది. శంకర్, చిత్ర, వడ్డాది పాపయ్య గీసిన బొమ్మలు చూస్తూ మధ్యాన్నాలు గడిపాను. రేపల్లెలో మా మేనమామ పాతపేపర్ల కొట్టు నుంచి తూకానికి తెచ్చిన సంచికలవి. అట్టల్లేవు, కొన్నిటికి చివరి పేజీల్లేవు. అట్లా ప్రేమగా చదువుకున్న పుస్తకాన్నే నిలదీసి అడగాలి. పరాయి పుస్తకాన్ని అడిగి యేం లాభం?

ముందు 'పాతాళభైరవి'ని చూద్దాం. 1951లో వచ్చింది. పింగళి నాగేంద్రరావు రాసిన కథ. తోటరాముడు ఉజ్జయిని రాజుగారి తోటమాలి కొడుకు. రాజకుమారిని ప్రేమిస్తాడు. ఆస్తిలో తనకి సరితూగితే పిల్లనిస్తానంటాడు రాజు. నేపాళ మాంత్రికుడు వస్తాడు, ప్రతిమ దొరుకుతుంది, మేడలు లేస్తాయి. పేదవాడు గెలిచే కథ కాబట్టి మా పల్లెలో దీనికి మోజెక్కువ. మా అమ్మకి చదువు రాదు. పాటల పుస్తకం అట్ట చూపించి కథంతా చెప్పేది. నాట్లేస్తూ విన్న కథ, యింటికొచ్చి మాకు చెప్పేది.

అయితే లెక్క చూడండి. తోటమాలి కొడుకు రాజుగారి తోటలోకి వెళ్ళొచ్చు. రాజకుమారి కంటపడొచ్చు. అతను కోసిన పువ్వు పూజగదిలోకి వెళ్తుంది. అంటే కథలో పేదరికానికి అదే ఆఖరి మెట్టు. ఆ మెట్టు కింద కూడా జనం వుంటారని కథకి తెలీదు. ఆ తోటకి పెంట మోసినవాళ్ళు యెవరు? చచ్చిన గొడ్డుని కోట అవతలకి లాక్కెళ్ళినవాళ్ళు యెవరు? వాళ్ళ కొడుకు రాజకుమారిని కళ్ళెత్తి చూస్తే యేమయ్యేదో మన జిల్లాలో వేరే చెప్పక్కర్లేదు. రాజు ఆస్తి అడిగాడు గానీ కులం అడగలేదు. యెందుకంటే కులం అడగాల్సిన వాడిని కథలోకి రానివ్వనే లేదు. ఆస్తి తేడా మంత్రంతో పోతుంది. కులం తేడా పోగొట్టే ప్రతిమ పింగళి వారి దగ్గర కూడా లేదు.

యింకో సంగతి. భైరవి పాతాళంలో వుంటుంది. బలి అడుగుతుంది. ప్రతిమ యెవరి చేతిలో వుంటే వాళ్ళ పని చేసిపెడుతుంది. మా వూళ్ళ పోలేరమ్మ, అంకమ్మ కూడా బలి తీసుకునే తల్లులే. కొలుపుల్లో డప్పు కొట్టేదీ, గావు పట్టేదీ మా మాదిగలే. వూరికి జబ్బు రాకుండా కాచే తల్లిగా వాళ్ళు ఆమెని పిలుస్తారు. బొమ్మల పుస్తకంలోకి వచ్చేసరికి ఆ తల్లి గుహలో వుండే భయంగా మారింది. ఆమెని కొలిచేవాడు దుష్ట మాంత్రికుడయ్యాడు. పిల్లలు ఆ బొమ్మ చూసి జడుసుకున్నారు. తర్వాత తమ వూరి కొలుపు చూసినా జడుసుకున్నారు. చదువుకున్న మా పిల్లలు మా అమ్మోరికి సిగ్గుపడటం యిట్లాంటి చోట్ల నుంచే మొదలైంది.

'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. అప్పటికి అంబేద్కర్ చనిపోయి నాలుగు నెలలు కూడా కాలేదు. పిల్లల బొమ్మల్లో అందరికంటే యెక్కువగా దిగిన మనిషి అందులో ఘటోత్కచుడు. 2010లో ఆ సినిమాకి రంగులు వేసి మళ్ళీ విడుదల చేశాక ఆ బొమ్మలకి యింకా గిరాకీ పెరిగింది. ఎస్.వి. రంగారావు పక్కన మిగతావాళ్ళు చిన్నగా కనిపిస్తారు. పిల్లలు అతన్నే కోరుకుంటారు. అడవిలో వుంటాడు, నల్లగా వుంటాడు, గద పట్టుకుంటాడు, పెద్దగా నవ్వుతాడు, యెంతైనా తింటాడు. తమ్ముడి పెళ్ళి కోసం తన బలం, తన మాయ, తన మనుషులు అన్నీ పెడతాడు. ఆడపిల్ల వేషం కూడా వేస్తాడు. పెళ్ళి తమ్ముడిది. రాజ్యం నాయనగారి వాళ్ళది. అతనికి దక్కింది చప్పట్లు.

నేను చదివిన బడిలో వార్షికోత్సవానికి యీ కథ ఆడించారు. అభిమన్యుడిగా, శశిరేఖగా, కృష్ణుడిగా వూళ్ళో పిల్లల్ని తీసుకున్నారు. పల్లె పిల్లలం తొమ్మిదిమందిమి. తొమ్మిదిమందినీ రాక్షసుల మూకలో నిలబెట్టారు. వేషం వేసే పంతులు మా మొహాలు చూసి, మసి అంత అక్కర్లేదులే అని నవ్వాడు. మేమూ నవ్వాం. పిల్లలం గదా, స్టేజీ యెక్కడమే గొప్ప. మా అయ్య ఆ రాత్రి అంతా విని వొక్క మాటే అన్నాడు. "రాకాసోళ్ళు గెలిచారా వోడారా?" గెలిచారని చెప్పాను. "మరి రాజ్జెం యెవురికి పోయింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. యే బొమ్మల పుస్తకంలోనూ లేదు.

జవాబు భారతంలో వుంది. ద్రోణపర్వంలో ఘటోత్కచుడు చస్తాడు. అర్జునుడి కోసం దాచిన శక్తిని కర్ణుడు అతని మీద ప్రయోగించాల్సి వస్తుంది. అప్పుడు పాండవులు యేడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. యజ్ఞాలకి, బ్రాహ్మణులకి శత్రువు కాబట్టి వీడు యిట్లా చావకపోతే తనే చంపాల్సి వచ్చేదని కూడా అంటాడు. లడ్డూలు నోట్లోకి ఎగిరే బొమ్మ దగ్గర పుస్తకం ఆపేస్తే పిల్లలకి యీ సంగతి తెలీదు. బలం వాడుకోవడం వినోదంగా మిగిలింది. వాడుకుని పారేయడం అట్ట వెనక్కి పోయింది.

ఆ లడ్డూల మాట కూడా చెప్పాలి. పురాణంలో రాక్షసుడంటే మాంసం తినేవాడు. సినిమా విందులో మాత్రం గారెలు, అరిసెలు, అప్పడాలు, లడ్డూలు. రాక్షసుడి ఆకలికి కూడా అగ్రవర్ణ పెళ్ళి విస్తరే వడ్డించారు. తెలుగు పిల్లలకి విందు అంటే యిప్పటికీ ఆ బొమ్మే. మా యింట్లో విందంటే పెద్దకూర. ఆ మాట బడిలో పైకి అనకూడదని మాకు యెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా బొమ్మలే చెప్పాయి.

యిప్పుడు 'లవకుశ' దగ్గరికి వస్తాను. 1963లో వచ్చిన యీ సినిమా తెలుగులో పూర్తి నిడివి మొదటి రంగుల సినిమా. బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశారని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. దీని బొమ్మల పుస్తకాలు, కేలండర్లు పూరింట్లో కూడా వుండేవి. యిందులో సీతని అడవికి పంపించిన నింద యెవరి నెత్తిన పడింది? చాకలి నెత్తిన. తాగి పెళ్ళాంతో గొడవపడ్డ వొక చాకలి మాటకి మహారాజు భార్యని వదిలేశాడు. నిర్ణయం రాజుది. పాపం చాకలిది. డెల్టా వూళ్ళల్లో చాకలి మా పల్లెకి వచ్చి మా బట్టలు వుతికేవాడు కాదు. మెట్లు అట్లా కట్టారు మరి. అయినా నేను అతని పక్షాన అడుగుతున్నాను. మాట్లాడిన వొకే వొక్క పేదవాడిని యింటి గుట్టు చెడగొట్టినవాడిగా పిల్లలకి చూపించడం యేం నీతి?

మాట్లాడిన వాడిని దోషిని చేశారు. చదివిన వాడిని మాయం చేశారు. ఉత్తరకాండలోనే శంబూకుడి కథ వుంది. వొక బ్రాహ్మణుడి కొడుకు చనిపోతాడు. రాజ్యంలో యెక్కడో శూద్రుడు తపస్సు చేస్తున్నాడు కాబట్టే యిది జరిగిందంటారు. రాముడు వెతుక్కుంటూ వెళ్తాడు. తలకిందులుగా తపస్సు చేస్తున్న మనిషి కులం అడుగుతాడు. శూద్రుణ్ణని చెప్పగానే తల నరుకుతాడు. అక్కడ పిల్లవాడు బతుకుతాడు. లవకుశులు పుట్టిందీ యీ కాండలోనే, శంబూకుడు చచ్చిందీ యీ కాండలోనే. సినిమా వొకదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేసింది. సినిమాని చూసి గీసిన బొమ్మల పుస్తకం కూడా వదిలేసింది. 2011లో బాపు 'శ్రీరామరాజ్యం' పేరుతో అదే కథని మళ్ళీ తీశాడు. ఈసారి రంగులు యింకా బాగున్నాయి.

శంబూకుడి సంగతి తెలుగువాళ్ళకి తెలీదని వొదిలేశారా? లేదు. త్రిపురనేని రామస్వామి 'శంబుకవధ' నాటకం 1920లోనే వచ్చింది. ఆయన కాపురం తెనాలిలో. యిల్లు సూతాశ్రమం. ఆ వూరి మునిసిపల్ ఛైర్మన్‌గా కూడా చేశాడు. శంబూకుణ్ణి రంగస్థలం యెక్కించిన వూరు నుంచే చక్రపాణి బయల్దేరాడు. ఆ యిద్దరి మధ్యా యేం జరిగింది? నాకు తోచింది చెప్తాను. 1920లో డెల్టా వ్యవసాయ కులాలకి శంబూకుడు కావాలి. బ్రాహ్మణుడితో సమానంగా నిలబడటానికి ఆ తెగిన తల వాళ్ళకి జెండా అయ్యింది. కృష్ణ కాలవల కింద పండిన వరి డబ్బుగా మారింది. ఆ డబ్బు మద్రాసులో స్టూడియోలుగా మారింది. వాళ్ళ బిడ్డలు తెర మీద రాముళ్ళూ కృష్ణులూ అయ్యారు. తామే రాముళ్ళయ్యాక శంబూకుడితో పనేముంది? ఆ తల మళ్ళీ మా పల్లెలో దొర్లింది. యిది అలంకారంగా అంటున్న మాట కాదు.

తెనాలి నుంచి నిడుబ్రోలు వైపు రైలెక్కితే చుండూరు వస్తుంది. 1991 జులై మొదట్లో చుండూరు సినిమా హాల్లో, చదువుకున్న వొక దళిత యువకుడి కాలు వొక అగ్రకుల యువకుడికి తగిలింది. అక్కడ మొదలై సాంఘిక బహిష్కరణ దాకా వెళ్ళింది. ఆగస్టు 6న యెనిమిదిమంది దళితుల్ని నరికి, కొందరి శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. వూళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి యేడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. సినిమా హాలు చీకట్లో అందరూ వొకటే అని రాసేవాళ్ళు యీ తేదీలు పక్కన పెట్టుకుని రాయాలి. మా ముందు తరం నేల టిక్కెట్టులో కూచున్నన్నాళ్ళూ కాళ్ళు యెవరికీ తగల్లేదు. కుర్చీ టిక్కెట్టు కొనగలిగే చదువూ, డబ్బూ వచ్చాకే తగిలాయి. శంబూకుడి నేరమూ అదే గదా. వుండాల్సిన చోట వుండకపోవడం.

టీవీ వచ్చాక మారిందా? రామానంద్ సాగర్ 'రామాయణ్' 1987 జనవరిలో మొదలై 1988 జులై దాకా ఆదివారం పొద్దున్నే నడిచింది. నేనప్పుడు బాపట్లలో హాస్టల్లో వుండి చదువుతున్నాను. భాష హిందీ. మాకు యెవరికీ రాదు. అయినా ఆ గంటసేపు వీధిలో మనిషి కనిపించేవాడు కాదు. టీవీ వున్న యింటి కిటికీ బయట నిలబడి చూసేవాళ్ళం. వొకసారి కిటికీ రెక్కలు వేసేశారు. కొన్నాళ్ళకే టీవీ రాముడి మొహంతో తెలుగు బొమ్మల పుస్తకాలు బాపట్ల, తెనాలి బస్టాండుల్లో వేలాడాయి. అరుణ్ గోవిల్ చిరునవ్వు రాముడి చిరునవ్వు అయిపోయింది. హిందీ రాని పిల్లలకి ఆ పుస్తకమే టీవీకి అర్థం చెప్పింది.

ఆ సీరియల్ పట్టాభిషేకంతో ఆగిపోతుందని తెలిసి 1988లో ఉత్తరాదిన జలంధర్ లాంటి నగరాల్లో పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్ళు కింద పెట్టి సమ్మె చేశారు. వాళ్ళు వాల్మీకి కులస్తులు. తమ ఆదికవి కనిపించే ఉత్తరకాండ కూడా తియ్యాలని అడిగారు. సర్కారు దిగొచ్చింది. ఆ ఏడాదే ఉత్తరకాండ మొదలైంది. యీ సంగతి మన ఉద్యమాల్లో కొందరు నవ్వుతాలుగా చెప్తారు. దేవుడి సీరియల్ కోసం సమ్మేమిటని. నాకు నవ్వు రాదు. దేశం మొత్తం చూస్తున్న బొమ్మలో తమ మనిషి వుండాలని దేశం పాకీ పని చేసేవాళ్ళు పట్టుబట్టారు. పట్టుబడితే బొమ్మ మారుతుందని చూపించారు. వాల్మీకిని సాధించారు. శంబూకుణ్ణి మాత్రం ఆ తెర మీదా నేను చూడలేదు. ఆ పుస్తకాల్లోనూ చూడలేదు.

అమర్ చిత్రకథల పుట్టుకకీ టీవీయే కారణం. ఢిల్లీ టీవీలో వొక క్విజ్ కార్యక్రమంలో పిల్లలు గ్రీకు దేవుళ్ళ గురించి చెప్పగలిగారు గానీ రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారట. అది చూసి అనంత్ పై 1967లో ఆ పుస్తకాలు మొదలుపెట్టానని చెప్పేవాడు. ఆ క్విజ్‌లో శంబూకుణ్ణి యెవరు చంపారని అడిగివుంటే యే పుస్తకాలు పుట్టేవో! అంబేద్కర్ మీద ఆ సంస్థ పుస్తకం వెయ్యడానికి 1979 దాకా పట్టింది.

పిల్లల పుస్తకాల్లోకి కులం యెందుకు తెస్తారని యిక్కడ కొందరు పెద్దమనుషులు బాధపడతారు. పసిమనసులు పాడవుతాయంటారు. తల నరికే బొమ్మలు చందమామ నిండా వున్నాయి. రాక్షసుడి తల తెగితే పసిమనసు పాడవదు, తపస్సు చేసేవాడి తల తెగితే పాడవుతుందా? మా పిల్లలకి కులం పుస్తకంలో ఎదురయ్యేలోపే మంచినీళ్ళ దగ్గర ఎదురవుతుంది. అది బయటే వుండి పుస్తకంలో లేకపోతే పుస్తకం అబద్ధమని పిల్లలకి తెలిసిపోతుంది. అంతకంటే అన్యాయం, తమ బతుకే అబద్ధమేమో అనుకుంటారు.

మా పల్లెలకి వేరే బొమ్మ కూడా వచ్చింది. 1978లో విజయచందర్ క్రీస్తుగా వేసిన 'కరుణామయుడు'. గుళ్ళ ముందు తెర కట్టి యేళ్ళ తరబడి వేశారు. ఆ బొమ్మలతో వచ్చిన కేలండరు మా యింట్లో సున్నం వేసినప్పుడల్లా దించి మళ్ళీ తగిలించేవాళ్ళం. ఆ కథలో చేపలు పట్టేవాళ్ళూ, కుష్టురోగులూ, వూరు వెలివేసిన ఆడవాళ్ళూ వున్నారు. దేవుడు వాళ్ళని ముట్టుకుంటాడు. ముట్టుకోవడం అనే పని యెంత పెద్దదో పల్లెలో పుట్టినవాళ్ళకే తెలుసు. అందుకే మా అమ్మ ఆ బొమ్మ ముందు యేడ్చింది, రాముడి బొమ్మ ముందు యేడవలేదు. అయితే ఆ క్రీస్తు కూడా తెల్లటి మేనితోనే వచ్చాడు. కుష్టురోగి బాగయ్యాక యే వీధిలో కాపురం వున్నాడో ఆ సినిమా చెప్పలేదు.

మన జిల్లాలకి బొమ్మల కథలు మద్రాసు నుంచే రావాలా? తెనాలి నుంచి రేపల్లె పాసింజరు భట్టిప్రోలు మీదుగా పోతుంది. అక్కడి బౌద్ధ స్థూపంలో దొరికిన అక్షరాలు రెండువేల యేళ్ళకి పైబడినవి. అమరావతి రాతిపలకల మీద జాతక కథలు బొమ్మలుగా చెక్కారు. చదువు రానివాళ్ళు చుట్టూ తిరుగుతూ చదువుకునే పుస్తకం అది. మాతంగ జాతకంలో బోధిసత్వుడు చండాలుడిగా పుడతాడు. కళ్ళబడితేనే మైల అన్నవాళ్ళ గర్వం అణుస్తాడు. చందమామ జాతక కథలు వేసింది. సినిమా వాళ్ళు మాత్రం యీ కథ వైపు చూడలేదు. చూసివుంటే పాటల పుస్తకం అట్ట మీద వొక చండాలుడు హీరోగా కూచునేవాడు.

యిప్పుడు కొన్ని పుస్తకాలు వస్తున్నాయి. 2008లో హైదరాబాదు అన్వేషి వాళ్ళు తెలుగులో, మలయాళంలో, ఇంగ్లీషులో పిల్లల కథల పుస్తకాలు తెచ్చారు. గోగు శ్యామల లాంటివాళ్ళు వాటికి రాశారు. 2011లో దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు కళాకారులు 'భీమాయన' గీశారు. అంబేద్కర్‌కి నీళ్ళు దొరకని, గది దొరకని, బండి దొరకని రోజుల కథ. రామాయణం అనే మాటనే తీసుకుని దానికి మన పేరు పెట్టారు. పేజీని గళ్ళుగళ్ళుగా కొయ్యకుండా గీశారు. సినిమా ఫ్రేము లెక్క వొదిలేశారు. మన బొమ్మకి మన గీత కావాలని అది చూస్తే తెలుస్తుంది. బాధ వొకటే, అవి బస్టాండులో దొరకవు. పావలా పాటల పుస్తకం లాగా నాట్లేసే తల్లి కొంగులో యింటికి రావు.

రేపల్లె దగ్గర పల్లెలో సాయంత్రం బడి నడుపుతూ నేను చేస్తున్న పని చెప్తాను. విద్యార్థి మిత్రులు యింకా బాగా చెయ్యగలరు. పాత బొమ్మల పుస్తకాలు నేను చింపించను. ముందుపెట్టి యిందులో యెవరు లేరో రాయమంటాను. తోటరాముడి తోటకి నీళ్ళు మోసినవాళ్ళని గీయమంటాను. ఘటోత్కచుడి తల్లి యుద్ధం తర్వాత యేమందో చెప్పమంటాను. పోయిన యేడు వొక పిల్ల 'లవకుశ' పుస్తకంలో ఖాళీ అట్ట లోపలి వైపు చెట్టుకి తలకిందులుగా వున్న మనిషిని గీసింది. తల తెగలేదు. చేతిలో పలక వుంది. యెందుకే అంటే, "ఇంకా రాముడు రాలేదు టీచరమ్మా" అంది.

ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. రాముడు వచ్చేలోపు చెయ్యాల్సిన పనులున్నాయి. త్రిపురనేని పద్యాలతో చెప్పిన కథని పదహారు పేజీల బొమ్మలుగా, పిల్లల మాటల్లో, పది రూపాయలకి తేవాలి. చుండూరు కథని కూడా తేవాలి, హాల్లో కాలు తగిలిన దగ్గర నుంచి కోర్టు మెట్ల దాకా. గీసేవాళ్ళు పల్లెల నుంచే రావాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె బస్టాండుల్లో దారానికి వేలాడాలి. కథ ముడిపడే చోట ఆపి మిగతాది వెండితెర మీద చూసుకోమని మనం చెప్పం. మనకి వెండితెర లేదు. మిగతాది కూడా పుస్తకంలోనే వుండాలి.